పెద్దల ముంగిట పాఠాలు



మన ఇళ్ళలో పెద్దలకు గౌరవ మర్యాదలు తక్కువ కావు. వారు గదిలోకి రాగానే లేచి నిలబడతాం. వారి ఎదుట గొంతు పెంచి మాట్లాడం. దస్తర్‌ఖాన్ మీద మొదటి పళ్ళెం వారిదే. పెళ్ళి సంబంధమైనా, ఇల్లు కొనడమైనా వారి దుఆ తీసుకోనిదే అడుగు ముందుకు వేయం. ఈ అదబు మన కుటుంబాలకు దక్కిన గొప్ప ఆస్తి. దానిని కాపాడుకోవాలి.

అయితే గౌరవం వేరు, సంరక్షణ వేరు. మంచం పట్టిన తండ్రి వీపు మీద పుండు పడకుండా ఉండాలంటే ఆయన పట్ల భక్తి ఉంటే చాలదు. రెండు గంటలకొకసారి ఆయనను పక్కకు ఒత్తిగిలించడం తెలియాలి. చూపు మందగించిన తల్లి స్నానాల గదిలో జారిపడకుండా ఉండాలంటే ఆమె పాదాల క్రింద స్వర్గం ఉందని వల్లిస్తే సరిపోదు. ఆ గదిలో నేల ఎక్కడ తడిగా ఉంటుందో, ఆమె దేనిని పట్టుకొని లేస్తుందో చూసి ఉండాలి. ప్రేమ మనసులో ఉంటుంది. సంరక్షణ మాత్రం చేతికి రావాలి. చేతికి వచ్చే విద్య ఏదైనా నేర్చుకుంటేనే వస్తుంది.

ఈ విద్యను నేర్చుకోవడానికి కొందరు యువతీ యువకులు మన వీధుల్లోకి వస్తున్నారు. భుజాన సంచి, చేతిలో పుస్తకం, వెంట ఒక అధ్యాపకురాలు. వారు నర్సింగ్ విద్యార్థులు. మన ఇళ్ళలో చాలామంది వారిని గుమ్మంలోనే నిలబెట్టి, “మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారమ్మా” అని పంపివేస్తారు. మరికొందరు లోపలికి పిలిచి, బీపీ చూపించుకొని, టీ ఇచ్చి సాగనంపుతారు. ఈ రెండింటి వల్లా వారికీ మేలు లేదు, మన పెద్దలకూ మేలు లేదు. వారు ఎందుకు వస్తున్నారో, ఏమి నేర్చుకుంటున్నారో, అందులో మన పాత్ర ఏమిటో ఈ నెల ఆలోచిద్దాం.

వారు మన వీధికి ఎందుకు వస్తారు?

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళ చదువు. భారతీయ నర్సింగ్ మండలి సవరించిన పాఠ్యక్రమంలో అది ఎనిమిది సెమిస్టర్లుగా ఉంది. అందులో ఐదవ, ఏడవ సెమిస్టర్లలో ‘సమాజ ఆరోగ్య నర్సింగ్’ అనే విషయం వస్తుంది. దానిని తరగతి గదిలో చదివితే సరిపోదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలోని ఊళ్ళకు, బస్తీలకు వెళ్ళి ఇల్లిల్లూ తిరగాలి. ఒక్కొక్క కుటుంబం వివరాలు ఒక పుస్తకంలో రాయాలి. ఆ ఇంటికి ఏ అవసరం ఉందో గుర్తించి, తమకు చేతనైనంత సేవ చేయాలి. జీఎన్‌ఎం, ఏఎన్‌ఎం చదివే వారికి కూడా ఇటువంటి క్షేత్రస్థాయి శిక్షణ ఉంటుంది.

ఈ ఇళ్ళలో వారికి ఎక్కువగా ఎదురయ్యేది వృద్ధులే. పగటిపూట పిల్లలు బడికి, పెద్దవాళ్ళు పనికి వెళ్ళిపోతే ఇంటి పట్టున ఉండేది వారే కదా. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారు సుమారు 10 కోట్ల 40 లక్షల మంది. వారిలో స్త్రీల సంఖ్యే ఎక్కువ. ఆ తరువాత ఈ సంఖ్య పెరుగుతూనే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2010-11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు ప్రత్యేకంగా ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. కార్యక్రమాలు, ఆసుపత్రులు ఎన్ని ఉన్నా, చివరికి ఒక వృద్ధురాలి చెయ్యి పట్టుకొని లేపవలసింది ఒక మనిషే. ఆ మనిషి తయారు కావలసింది ఇప్పుడు.

సేవ చేస్తూ నేర్చుకోవడాన్ని విద్యావేత్తలు ‘సర్వీస్ లెర్నింగ్’ అంటారు. మనం సేవాభ్యాసం అనుకుందాం. దీనికి మూడు కాళ్ళు ఉంటాయి. ఒకటి, ఎదుటివారికి నిజంగా ఉన్న అవసరం. రెండు, విద్యార్థి చదువుతున్న పాఠం. మూడు, చేసిన పని గురించి కూర్చొని ఆలోచించడం. మొదటిది ఒక్కటే ఉంటే అది దానం అవుతుంది. విద్యార్థి ఏమీ నేర్చుకోడు. రెండవది ఒక్కటే ఉంటే వృద్ధులను అభ్యాసానికి బొమ్మలుగా వాడుకున్నట్లు అవుతుంది. మూడవది లేకపోతే చేసిన సేవ, చదివిన పాఠం దేనికదే విడిపోతాయి. మూడూ కలిసినప్పుడే ఇంటికీ మేలు, విద్యార్థికీ విద్య.

ఆసుపత్రిలో దొరకని పాఠం

మక్కా విజయం నాడు, అంటే హిజ్రీ 8వ సంవత్సరంలో, హజ్రత్ అబూబక్ర్ (రజి) తన తండ్రి అబూ ఖుహాఫాను దైవప్రవక్త (స) సన్నిధికి చేయి పట్టుకొని తీసుకువచ్చారు. ఆయన అప్పటికి చూపు కోల్పోయిన వృద్ధులు. ఆయనను చూసిన దైవప్రవక్త (స), ఈ పెద్దాయనను ఇంటి దగ్గరే ఉంచి ఉంటే తామే ఆయన వద్దకు వచ్చి ఉండేవారమనే భావంతో మాట్లాడారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. వృద్ధుడిని మన దగ్గరకు రప్పించుకోవడం కాదు, మనమే ఆయన ఇంటికి వెళ్ళడం మేలన్న ఆ మర్యాదలో నర్సింగ్ విద్యార్థులకు కూడా ఒక పాఠం ఉంది.

ఎందుకంటే ఆసుపత్రి మంచం మీద ఉన్న వృద్ధుడు సగం మనిషే. అక్కడ ఆయన బీపీ తెలుస్తుంది, షుగరు తెలుస్తుంది. ఆయన ఎలా బ్రతుకుతున్నాడో తెలియదు. ఇంటికి వెళితే బిస్కెట్ల డబ్బా నిండా మాత్రలు కనిపిస్తాయి. ఇద్దరు వైద్యులు రాసిన ఒకే మందు రెండు వేర్వేరు పేర్లతో అందులో ఉంటుంది. పెద్దాయన రెండూ వేసుకుంటూ ఉంటాడు. మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య ఒక ఎత్తైన గడప ఉంటుంది. వరండాలో లైటు ఉండదు. కళ్ళద్దాలు విరిగి ఎన్నో నెలలై ఉంటుంది. కొడుకు గల్ఫ్ నుండి వచ్చినప్పుడు చేయిద్దామని అందరూ అనుకుంటూ ఉంటారు.

విద్యార్థులకు కొన్ని సులభమైన కొలతలు నేర్పుతారు. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ప్రకటించిన ఒక పట్టికలో ఆరు పనులు ఉన్నాయి: స్నానం చేయడం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డికి వెళ్ళి రావడం, మంచం మీద నుండి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తమంతట తాము తినడం. వీటిలో ఏది ఒంటరిగా చేయగలరు, దేనికి సాయం కావాలి అని చూస్తారు. మరొక పరీక్షకు కుర్చీ, గడియారం ఉంటే చాలు. పెద్దవారిని కుర్చీలో నుండి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోమంటారు. దీనికి 12 సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్లు భావిస్తారు. ఈ పరీక్షలను ఇంటివారు కూడా గమనించి తెలుసుకోవచ్చు. పక్కన ఒకరు నిలబడి ఉండటం మాత్రం మరువరాదు.

కానీ కొలతల పట్టికలో లేని సంగతులు మన ఇళ్ళలో చాలా ఉన్నాయి. ముస్లిం వృద్ధులు రోజుకు ఐదుసార్లు వుజూ చేస్తారు. అంటే ఐదుసార్లు తడి నేల మీద నిలబడతారు. కొందరు ఒంటికాలి మీద నిలిచి, రెండవ పాదాన్ని వాష్‌బేసిన్ మీదికి ఎత్తి కడుగుతారు. ఫజ్ర్ వేళ చీకట్లో, నిద్రమత్తులో ఈ పని చేసేటప్పుడు పడిపోతే తుంటి ఎముక విరగడానికి ఒక్క క్షణం చాలు. ఈ సంగతి తెలిసిన విద్యార్థిని ఏమి సూచిస్తుంది? కూర్చొని వుజూ చేసేందుకు గట్టి పీట, చేతికందే ఎత్తులో కుళాయి లేదా మగ్గు, జారని రబ్బరు చాప, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు. వీటిలో ఖరీదైనది ఏదీ లేదు. నీళ్ళు వాడటం ఆరోగ్యానికి హాని అని వైద్యుడు చెప్పినప్పుడు తయమ్ముమ్ సౌలభ్యం ఎలాగూ ఉంది. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు ప్రక్కకు పడుకొని నమాజు చేయవచ్చని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) తెలిపిన విషయం సహీహ్ బుఖారీలో ఉంది. ధర్మం ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడం విశ్వాసపు బలహీనత కాదని మన పెద్దలకు మనమే చెప్పాలి.

రమజాను నెల విషయం కూడా ఇటువంటిదే. షుగరు మాత్రలు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు ఉపవాసాలకు ఒకటి రెండు నెలల ముందే వైద్యుని కలిసి, మందుల వేళలు, మోతాదు మార్పించుకోవాలి. ఉపవాసంలో వేలి నుండి ఒక చుక్క రక్తం తీసి పరీక్షించినంత మాత్రాన ఉపవాసం భంగం కాదు. షుగరు 70 కన్నా పడిపోతే, లేదా 300 దాటితే వెంటనే ఉపవాసం విరమించాలని వైద్యులు చెబుతారు. వ్యాధిగ్రస్తులకు ధర్మమే మినహాయింపు ఇచ్చింది. ఈ సంగతులు తెలిసిన విద్యార్థి రేపు ఏ ఆసుపత్రిలో పనిచేసినా మన సముదాయానికి ఆప్తుడవుతాడు. ఇవి అతనికి మన పెద్దలు చెబితేనే తెలుస్తాయి.

నీళ్ళ గ్లాసు చెప్పిన సంగతి

మా ఊరిలో జరిగిన ఒక విషయం ఇక్కడ ప్రస్తావించడం అవసరమనుకుంటున్నాను. ఒక ఇంట్లో డెబ్బై దాటిన ఒక నానీ ఉన్నారు. ఒక వేసవిలో ఆమె రెండు మూడు రోజులపాటు పొంతన లేకుండా మాట్లాడారు. సాయంత్రమయ్యేసరికి ఇంటివారినే గుర్తుపట్టలేదు. మరుసటి ఉదయం కాస్త మామూలుగా ఉన్నారు. మళ్ళీ రాత్రికి అదే స్థితి. నజర్ తగిలిందని కొందరు, వయసు మీద పడిందని మరికొందరు అన్నారు. చివరకు ఆసుపత్రికి తీసుకువెళితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందని, శరీరంలో నీటి శాతం తగ్గిపోయిందని తేలింది. మందులతో కోలుకున్నారు. అందరూ ఆ సంగతి మరచిపోయారు.

తరువాత కొన్ని వారాలకు నర్సింగ్ విద్యార్థినులు ఇద్దరు ఆ ఇంటికి రావడం మొదలుపెట్టారు. మొదటిసారి బీపీ, షుగరు చూశారు. రెండవసారి మందుల డబ్బా సర్దారు. మూడవసారి వారిలో ఒక అమ్మాయి, మంచం పక్కన ఉన్న నీళ్ళ గ్లాసు ఉదయం నింపినది నింపినట్లే ఉండటం గమనించింది. “నానీ, నీళ్ళు ఎందుకు తాగటం లేదు?” అని అడిగింది. నానీ కోడలిని టీ పెట్టమని వంటగదిలోకి పంపి, అప్పుడు మెల్లగా చెప్పారు. మూత్రం చుక్కలు చుక్కలుగా ఆగకుండా వస్తోందట. వుజూ నిలవడం లేదట. బట్టలు అపవిత్రమైతే నమాజు ఎలా అనే భయంతో ఆమె నీళ్ళు తాగడమే మానుకున్నారు. ఈ మాట కొడుకుకు చెప్పడానికి సిగ్గు, కోడలికి చెప్పడానికి మొహమాటం. ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయికి చెప్పగలిగారు.

ఆ అమ్మాయి ముస్లిం కాదు. వుజూ అంటే ఏమిటో, అది ఎందుకు నిలవాలో ఆమెకు తెలియదు. తెలియదని ఒప్పుకొని నానీనే అడిగి తెలుసుకుంది. తన అధ్యాపకురాలికి చెప్పింది. ఈ సమస్యలో సగం వైద్యులు చూడాలి, సగం మీ ఆలిములను అడగాలి అని అధ్యాపకురాలు ఇంటివారికి సూచించారు. అప్పుడు ఆ ఇంటి మనవడు మస్అలా అడగడానికి మదరసాకు వచ్చాడు. ఇది అరుదైన ప్రశ్న కాదు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నమాజు చేసుకునేంత వ్యవధి కూడా ఇవ్వకుండా మూత్రం కారుతూ ఉండేవారిని ఫిఖ్హ్ గ్రంథాలు ‘మాజూర్’ అంటాయి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అటువంటివారు ప్రతి నమాజు వేళకు ఒక వుజూ చేసుకుంటే చాలు. ఆ వేళ ముగిసేదాకా ఆ కారణం వల్ల వారి వుజూ భంగం కాదు. ఎవరి పరిస్థితి ఈ పరిధిలోకి వస్తుందో తమ ఇమామునో, ముఫ్తీనో అడిగి నిర్ధారించుకోవాలి. ఇక వైద్యం వైపు నుండి ఆ నానీకి పరీక్షలు చేయించారు, పీల్చుకునే ప్యాడ్లు వాడటం నేర్పారు, రోజంతా కొద్దికొద్దిగా నీళ్ళు తాగించడం మొదలుపెట్టారు. ఆమె ఇప్పుడు భయం లేకుండా నీళ్ళు తాగుతున్నారు.

ఇందులో గ్రహించవలసిన విషయాలు రెండు. మొదటిది: వృద్ధుల్లో అకస్మాత్తుగా, అంటే గంటల్లో లేదా రోజుల్లో మతి తప్పడం వృద్ధాప్య లక్షణం కాదు. అది శరీరంలో ఇంకేదో జరుగుతోందనడానికి సూచన. ఇన్‌ఫెక్షన్, నీరు తగ్గిపోవడం, కొన్ని మందులు, రక్తంలో సోడియం పడిపోవడం వంటివి కారణం కావచ్చు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే మతిమరుపు వేరే వ్యాధి. మొదటిది కనిపించిన రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. దుఆ చేయండి, దమ్ చేయించండి. కానీ తావీజు కోసం వైద్యాన్ని ఆలస్యం చేయకండి. రెండవది: వయసుతో పాటు దాహం తెలియడం కూడా తగ్గుతుంది. కాబట్టి “దాహం వేస్తే అడుగుతారులే” అని వదిలివేయకూడదు. ఆ విద్యార్థిని చేసిన మేలు ఏ యంత్రంతోనూ జరగలేదు. ఆమె మూడవసారి వచ్చింది, గ్లాసు వైపు చూసింది, అడిగింది, విన్నది. అంతే.

ఇక్కడ ఉస్తాద్ ఎవరు?

మా మదరసాల్లో శిష్యుడు గురువు ఎదుట మోకాళ్ళు మడిచి కూర్చుంటాడు. ఫలానావారి వద్ద చదువుకున్నాను అని చెప్పడానికి ఉర్దూలో వారి ఎదుట మోకాళ్ళు వంచానని చెప్పే సంప్రదాయం ఉంది. జిబ్రీల్ దూత మనిషి రూపంలో వచ్చి, తన మోకాళ్ళను దైవప్రవక్త (స) మోకాళ్ళకు ఆనించి కూర్చొని ప్రశ్నలు అడిగిన వృత్తాంతం హదీసుల్లో ప్రసిద్ధం. విద్య కోరేవాడు దగ్గరగా, క్రిందుగా కూర్చోవాలి.

వృద్ధురాలి మంచం పక్కన కూర్చున్న నర్సింగ్ విద్యార్థిని కూడా అటువంటి శిష్యురాలే. అక్కడ ఉస్తాద్ ఆ వృద్ధురాలు. రోగం పేరు విద్యార్థినికి తెలిసి ఉండవచ్చు. ఆ రోగంతో ఇరవై ఏళ్ళు ఎలా బ్రతకాలో ఆ పెద్దామెకే తెలుసు. ఏ మెట్టు దగ్గర మోకాలు మొరాయిస్తుందో, ఏ మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతాయో, భర్త పోయిన తరువాత అన్నం ఎందుకు సహించడం లేదో ఆమె చెప్పాలి.

మాట అర్థం కావడం కూడా ఒక విద్యే. మన పెద్దల్లో చాలామంది ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. వచ్చే విద్యార్థులకు తెలుగు మాత్రమే వచ్చి ఉండవచ్చు. దాదీ “చక్కర్ ఆరా” అంటే తల తిరుగుతోందని అర్థం. తెలుగు విద్యార్థిని చెవికి అది చక్కెర అని వినిపించి, పుస్తకంలో షుగరు వ్యాధి అని రాసుకొనే ప్రమాదం ఉంది. తల తిరగడం ఎక్కడ, చక్కెర వ్యాధి ఎక్కడ! ఇంట్లో చదువుకున్న మనవరాలు పక్కన కూర్చొని రెండు భాషల మధ్య వంతెనగా నిలిస్తే ఎంత మేలో ఆలోచించండి.

మంచి కళాశాలల్లో విద్యార్థులు ఇటువంటి అనుభవాలను దినచర్య పుస్తకంలో రాస్తారు. ఏమి జరిగింది? నేను ముందు ఏమనుకున్నాను, తీరా ఏమి తెలిసింది? వచ్చేసారి ఏమి చేయాలి? ఈ మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాయడం వల్ల, వృద్ధులంటే విసుగు పుట్టించేవారు, చెవిటివారు, మొండివారు అనే ముందస్తు అభిప్రాయాలు కరిగిపోతాయి. ప్రతి రాత్రి నిద్రకు ముందు తన పనులను తానే లెక్క చూసుకోవడం మన పెద్దలు నేర్పిన ముహాసబా. దీని తీరు కూడా దాదాపు అదే.

ఇది అమానత్ అని మరువరాదు

గడప దాటి వచ్చిన విద్యార్థి మన ఇంటి గుట్టు తెలుసుకుంటాడు. కనుక కొన్ని నియమాలు ఇరువైపులా ఉండాలి. విద్యార్థుల వద్ద కళాశాల గుర్తింపు కార్డు ఉందో లేదో, వెంట అధ్యాపకులు గానీ, ఆ ప్రాంతపు ఏఎన్‌ఎం గానీ, ఆశా కార్యకర్త గానీ ఉన్నారో లేదో చూడండి. అడగడం అవమానపరచడం కాదు. ఇంటి స్త్రీలను విద్యార్థినులే పరీక్షించాలని కోరడం మీ హక్కు. శరీరాన్ని తాకే ముందు ఆ పెద్దల అనుమతి తీసుకోవాలి. కొడుకు ఒప్పుకున్నాడు కదా అని తల్లిని అడగకుండా ముట్టుకోవడం తగదు. ఆమె వద్దంటే వద్దే. ఫోటోలు తీయకూడదు. విన్నది వీధిలో చెప్పకూడదు. మందులు మార్చే అధికారం విద్యార్థులకు లేదు. వారు గమనించినది వైద్యునికి చేరవేయాలి.

మరొక సున్నితమైన విషయం ఉంది. విద్యార్థుల శిక్షణ కొన్ని వారాలే. వారు వారం వారం వచ్చి కబుర్లు చెబుతుంటే ఒంటరి వృద్ధులు ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. ఒకనాడు చెప్పకుండా రావడం ఆగిపోతే వారి మనసు గాయపడుతుంది. అందుకే మొదటి రోజే ఎన్ని వారాలు వస్తారో చెప్పాలి. చివరి రోజు సెలవు తీసుకొని, ఆ ఇంటి వివరాలను ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు అప్పగించి వెళ్ళాలి. పని మధ్యలో వదిలివేయని ఖిద్మతే ఖిద్మత్. ఒక ప్రశ్న ప్రతి విద్యార్థీ తనను తాను వేసుకోవాలి: నాకు మార్కులు వచ్చాయి సరే, ఆ దాదీకి ఏమి దక్కింది?

ఆమెకు దక్కవలసినవి కొన్ని కాగితం మీద కూడా ఉన్నాయి. వృద్ధులకు సలహా, సహాయం కోసం 14567 నంబరుతో ‘ఎల్డర్ లైన్’ పనిచేస్తోంది. దానికి ఫోను చేయడం ఉచితం. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు నిండిన వారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ పథకం క్రింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స సౌకర్యం కల్పించారు. దీనికి ఆధార్ ఆధారంగా కార్డు తీసుకోవాలి. ఇటువంటి కాగితాల పని చేసిపెట్టడం కూడా విద్యార్థుల సేవాభ్యాసంలో భాగమే. చదువు రాని వృద్ధులకు ఇది రక్తపోటు చూడటం కన్నా తక్కువ మేలు కాదు.

మన పిల్లల మాటేమిటి?

ఇంతవరకు వచ్చే విద్యార్థుల గురించి మాట్లాడుకున్నాం. వారిలో మన పిల్లలు ఎంతమంది ఉన్నారు? ఆడపిల్ల నర్సింగ్ చదువుతానంటే ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ముఖాలు ముడుచుకుంటాయి. రాత్రి డ్యూటీలు, పరాయి మగవారు, మలమూత్రాల పని అంటూ అభ్యంతరాలు వస్తాయి. భద్రత గురించి తల్లిదండ్రులు ఆలోచించడం సబబే. మంచి కళాశాల, మంచి వసతి గృహం చూసుకోవాలి. కానీ పనినే తక్కువగా చూడటానికి మాత్రం మన చరిత్రలో ఆధారం లేదు.

హిజ్రీ 5వ సంవత్సరం, ఖందఖ్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) బాణం తగిలి గాయపడినప్పుడు ఆయనను హజ్రత్ రుఫైదా (రజి) డేరాలో ఉంచారు. ఆ డేరా దైవప్రవక్త (స) మస్జిదులోనే ఉండేది. ఆమె గాయపడినవారికి చికిత్స చేసేవారు, దిక్కులేనివారికి సేవ చేసేవారు. అంటే మస్జిద్ ఆవరణలో ఒక స్త్రీ చేతుల మీదుగా రోగుల సంరక్షణ జరిగింది. ఢిల్లీలోని జామియా హందర్ద్ విశ్వవిద్యాలయపు నర్సింగ్ కళాశాల ఆమె పేరుతోనే నడుస్తోంది. బహ్రెయిన్‌లో నర్సింగ్ విద్యార్థులకు ఆమె పేరిట బహుమతి ఇస్తారు. ఆ పేరును మన ఆడపిల్లలకు చెబుదాం.

మగపిల్లలను కూడా మినహాయించనక్కరలేదు. మన తాతలకు స్నానం చేయించడానికి, బట్టలు మార్చడానికి పురుష నర్సులు కావాలి కదా. ఆడవారికి ఆడవారే సేవ చేయాలని కోరే సముదాయం, ఆ సేవ చేసేవారిని తన ఇళ్ళ నుండి పంపకపోతే ఎలా? ఇతరుల బిడ్డలు వచ్చి మన పెద్దల పుండ్లు కడగాలి, మన బిడ్డలు మాత్రం ఆ పని చేయకూడదు అనడం న్యాయమేనా? మన కొడుకులు ఎందరో దూరదేశాల్లో ఉన్నారు. వారి తల్లిదండ్రుల మంచం పక్కన కూర్చునేది మరెవరి బిడ్డో అవుతున్నారు. ఆ రుణం తీర్చుకునే మార్గం కూడా ఇదే.

నర్సింగ్ చదవని పిల్లలకూ ఈ పాఠం అందుతుంది. విద్యార్థినులు ఇంటికి వచ్చినప్పుడు పిల్లలను పక్కకు పంపకండి. దగ్గర కూర్చోబెట్టండి. వీపు మీద, తుంటి దగ్గర, మడమల మీద చర్మం ఎర్రబడిందా అని ఎలా చూస్తారో, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే ఎందుకు జాగ్రత్త పడాలో, పడుకున్న మనిషిని నడుము నొప్పి రాకుండా ఎలా తిప్పుతారో వారిని చూడనివ్వండి. కోడలి ఒక్కరి నెత్తిన పడిన భారాన్ని ఇంటిల్లిపాదీ పంచుకోవడం అప్పుడే మొదలవుతుంది. తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా వ్యవహరించమన్న ఆజ్ఞ కొడుకులకూ వర్తిస్తుంది, కూతుళ్ళకూ వర్తిస్తుంది.

మనిషి బలహీనుడిగా పుట్టి, బలం పుంజుకొని, మళ్ళీ బలహీనతకు, నెరిసిన జుట్టుకు చేరుకుంటాడని దివ్య ఖుర్ఆన్ రూమ్ సూరాలో గుర్తు చేస్తుంది. బనీ ఇస్రాయీల్ సూరాలో తల్లిదండ్రులను విసుక్కోవద్దని ఆజ్ఞాపించిన చోట, వారు ‘నీ వద్ద’ వృద్ధాప్యానికి చేరుకుంటే అనే మాట ఉంది. వృద్ధాప్యం మన వద్ద, మన ఇంట గడవాలి. అలా గడవాలంటే మన చేతులకు ఆ విద్య రావాలి.

కనుక ఈసారి భుజాన సంచితో విద్యార్థినులు మీ గుమ్మం ముందు నిలబడితే, “లోపలికి రండమ్మా” అని పిలవండి. దాదీ పక్కన కుర్చీ వేయండి. మందుల డబ్బా తీసి ముందు పెట్టండి. దాచుకున్న బాధ ఏదైనా ఉంటే చెప్పుకోవడానికి దాదీకి కాస్త ఏకాంతం కల్పించండి. వారు వెళ్ళేటప్పుడు మళ్ళీ ఎప్పుడు వస్తారో అడగండి.

మన పెద్దలకు ఆరోగ్యాన్ని, వారికి సేవ చేసే చేతులకు నేర్పును, మనందరి సంకల్పాలకు స్వచ్ఛతను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.